పద్నాలుగు వేల అడుగులు

గద్వాల,
16-10-2024

మా ఇంటి ఆడబిడ్డ, వనపర్తి పంతులమ్మ సావిత్రికి,

గద్వాల నుంచి వదిన రామేశ్వరమ్మ ముందుగా చెప్పేదేమంటే, ఇకమీదట నువ్వు ఫోన్ చేయవద్దు. నీ ఎడమ చెవికి వినపడదు, కుడి చెవికి వినాలని ఉండదు. నువ్వక్కడ అరిస్తే నేనిక్కడ అరవాలి. మొన్న నువ్వు నా బరువెంత అని అడిగినప్పుడు నేను చెప్పిన జవాబు మా వీధి చివర రంగులద్దేవాళ్ళ దాకా పోయింది. అందుకే ఈ ఉత్తరం. పెళ్ళయి వచ్చిన కొత్తలో నాకు అక్షరాలు దిద్దించింది నువ్వే కాబట్టి, ఇందులో తప్పులుంటే నీ పంతులుతనానిదే పాపం.

నువ్వు నా పేరు కూడా రాయించిన హైదరాబాదు వాళ్ళ పెట్టె వచ్చింది. అరవై దాటిన లావుపాటి వాళ్ళను ఇంట్లో కూర్చోబెట్టే, ఫోన్‌లోనే బరువు తగ్గిస్తామంటే నేను నమ్మలేదు. పెట్టెలో ఒక త్రాసు, చేతికి కట్టుకునే నల్ల పట్టీ ఉన్నాయి. త్రాసు ఎక్కితే ఆ అంకె తనంతట తానే హైదరాబాదు పోతుందట. పట్టీ మన అడుగులు లెక్కపెడుతుందట. ఎక్కాను. తొంభై ఒకటిన్నర కిలోలు. కోడలు రోహిణి కళ్ళద్దాలు తెచ్చిచ్చేలోపే హైదరాబాదు చదివేసింది.

నువ్వు షుగరు కోసం చేరావు. నేను దేనికి చేరానో నీకు తెలుసు, అయినా రాస్తాను, రాస్తే నాకు ధైర్యంగా ఉంటుంది. పోయిన ఏడాది శ్రావణంలో నా మగ్గం గుంటలోంచి లేవబోతే మోకాళ్ళు మొండికేశాయి. మీ అన్న ఒక రెక్క, నా కొడుకు గణేష్ ఒక రెక్క పట్టి లాగారు. నలభై ఏళ్ళు ఆ గుంటలో కాళ్ళు పెట్టుకుని చీరలు నేసినదాన్ని, బావిలో పడ్డ బర్రెను తీసినట్టు తీశారు. అప్పటి నుంచి నేను బల్ల మీద కూర్చుని, రాట్నం తిప్పుతూ మీ అన్న మగ్గానికి దారం కండెలు చుట్టి ఇస్తున్నాను. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా అదే పని. నేసే చేతికి చుట్టే పని ఎంత చిన్నతనమో నీకు చెప్పక్కర్లేదు.

గణేష్ ఆ గుంట పూడ్చి, బండలు పరిపించి, చీరలు చూపించే గది చేస్తానంటున్నాడు. ఉగాది దాకా ఆగమన్నాను. "సరే అమ్మా. ఉగాదికి గుంటల దిగి, ఎవ్వలి చెయ్యి పట్టకుండ లేచి సూపెట్టు. లేవకుంటె మేస్త్రీని పిలుస్త" అన్నాడు. వాణ్ణి తిట్టకు. నన్ను లాగిన రోజు వాడి నడుం పట్టేసి నాలుగు రోజులు మంచం దిగలేదు.

ఉగాదికి అయిదున్నర నెలలుంది. చూద్దాం.

అరవకుండా మాట్లాడుతున్న నీ వదిన,
రామేశ్వరమ్మ


వనపర్తి,
4-11-2024

మా అన్న చెన్నయ్యను, ఆయన మగ్గాన్ని, ఆయన నోటిని అదుపులో పెట్టిన వదినకు సావిత్రి నమస్కారం.

ఉత్తరం అందింది. తప్పులు ఏడు. అరవై నాలుగేళ్ళ విద్యార్థినికి అది మంచి ఫలితమే.

నా సంగతి. పొద్దున్నే పాలిటెక్నిక్ మైదానంలో నడుస్తున్నాను. ఏడు చుట్లు తిరిగి ఇంటికొచ్చేసరికి నా కాళ్ళు నావి కావు. తిండి చెప్పే పిల్ల అర్చన ఉంది చూశావూ, ఎంత నెమ్మదిగా మాట్లాడుతుందో అంత గట్టిది. జొన్నరొట్టె రెండే అంది. పళ్ళెంలో సగం కూరగాయలు, ఒక గుడ్డు, కప్పు పప్పు తప్పదంది. ఆ పైన కుర్చీలోంచి లేచి కూర్చో, లేచి కూర్చో అంటుంది. ముప్పై ఏళ్ళు బడిలో పిల్లలతో గుంజీలు తీయించిన పాపం ఇప్పుడు వడ్డీతో సహా తిరిగి వచ్చింది.

ఇక అసలు మాట. శుక్రవారం ఫోన్‌లో ఇరవై రెండు మందిమీ బొమ్మల్లా వరుసగా కనిపిస్తుంటే అర్చన ఏమంది? "గద్వాల రామేశ్వరమ్మ గారు రోజుకు పద్నాలుగు వేల అడుగులు నడుస్తున్నారు. మన అందరిలో మొదటి స్థానం. చప్పట్లు కొట్టండి" అంది. కొట్టాను వదినా, చేతులు నొప్పి పుట్టేలా కొట్టాను. కానీ నేను ఏడు చుట్లు తిరిగితే అయిదు వేలు. మోకాళ్ళు మొండికేసిన నీకు పద్నాలుగు వేలా? గద్వాల కోట చుట్టూ పరుగెడుతున్నావా, లేక పట్టీ తీసి ఏ మేక మెడకైనా కట్టావా?

నవ్వులాటకే అన్నాను. అయినా రహస్యం చెప్పు.

రెండో స్థానంలో కూడా లేని,
సావిత్రి


గద్వాల,
12-11-2024

సావిత్రికి,

నువ్వు నవ్వులాటకు అన్నావు. నాకు నవ్వు రాలేదు.

రోహిణితో కలిసి పొద్దున వీధి ఆ చివర నుంచి ఈ చివరకు నాలుగుసార్లు నడుస్తున్నాను. నల్లా దగ్గరికి, దుకాణానికి, డాబా మీద నూలు ఆరేయడానికి తిరుగుతున్నాను. పట్టీ వాటన్నిటినీ లెక్కపెడుతోంది కాబోలు. దాని లెక్క దానిది, నేను వేలు పెట్టలేదు. బడిలో నువ్వు పిల్లలకు ఏం చెప్పేదానివి? అంకె అబద్ధమాడదు అని కదా?

సావిత్రీ, నేను ఏ బడిలో చదవలేదు, ఏ పోటీకీ పోలేదు. నేసిన చీర మీద కూడా నేసినవాళ్ళ పేరుండదు. అలాంటిది నా పేరు పెట్టి, మొదటి స్థానం అని, ఇరవై రెండు మంది ముందు చదివారు. మీ అన్న హోటల్లో చాయ్ తాగుతూ అందరికీ చెప్పాడు. "మా ఇంటామె హైదరాబాద్‌ల ఫస్టొచ్చింది" అన్నాడట. పక్కింటి హన్మమ్మ వచ్చి పట్టీని ముట్టుకుని చూసి పోయింది. ఆ సంతోషం మీద నువ్వు మేకను తోలావు.

బరువు మాత్రం తొంభై ఒకటి దగ్గరే కూర్చుంది. అదే నాకు అర్థం కాలేదు.

రామేశ్వరమ్మ


వనపర్తి,
20-11-2024

వదినా,

మేకను వెనక్కి తోలుకున్నాను. నా నోరు బడిలోనే పాడైంది, రిటైరైనా బాగుపడలేదు. మన్నించు.

మొన్న అర్చన నాకు ఫోన్ చేసింది. నీ గురించే అడిగింది. నేను మంచిగానే చెప్పాను, పరేషాన్ కావద్దు. అన్నను అడిగానని చెప్పు.

సావిత్రి


గద్వాల,
2-12-2024

సావిత్రమ్మ గారికి,

మీరు మంచిగా ఏం చెప్పారో శుక్రవారం అందరి ముందు తెలిసింది. "రామేశ్వరమ్మ గారూ, ఇంత నడిచినా బరువు తగ్గట్లేదంటే తిండిలోనే ఏదో ఉంది. మీకు తీపి బక్షాలు ఇష్టమని విన్నాను. దాచుకోకుండా చెప్పండి" అంది ఆ పిల్ల. దసరా తర్వాత మా ఇంట్లో బక్షాల పెనం పొయ్యి ఎక్కలేదు. మొదటి స్థానం ఇచ్చిన నోటితోనే దొంగతిండి అన్నారు. ఇరవై ఒక్క మంది విన్నారు, అందులో ఒకరు నా ఆడబిడ్డ.

రెండు రొట్టెల్లో ఒకటి మానేశాను. సాయంత్రం అంబలితో సరి. నేనేం తింటున్నానో త్రాసే చెబుతుంది.

జవాబు అక్కర్లేదు.

రామేశ్వరమ్మ


వనపర్తి,
17-12-2024

వదినా,

జవాబు వద్దన్నావు. చిన్నప్పటి నుంచి నీ మాట ఎన్నడు విన్నాను కనుక.

ముందు నా తప్పు. అర్చన అడిగింది, "మీ వదిన గారికి తీపి ఇష్టమా" అని. "బక్షం కనిపిస్తే మా వదిన, వదిన కనిపిస్తే మా అన్న ఆగరు" అన్నాను. ఇంట్లో అందరం నవ్వుకునే మాట అది. ఆ పిల్లకు మన ఇంటి నవ్వు తెలియదు కదా, కాగితం మీద రాసుకుంది. ఎవరితో ఏం మాట్లాడాలో తెలియని దాన్ని ముప్పై ఏళ్ళు పంతులమ్మను చేశారు. అర్చనకు ఫోన్ చేసి ఉన్నమాట చెప్పాను. కానీ నీకు తగిలింది తగిలింది. నా మీద కోపం ఉంచుకో, తిండి మీద మాత్రం వద్దు.

అన్న ఫోన్ చేశాడు. "మీ వదిన నల్లా కాడ కండ్లు తిరిగి కూలవడ్డదే సావిత్రీ. నీతోని చెప్పొద్దని నాతోని ఒట్టు వెట్టిచ్చుకుంది. నాకు బుగులైతుంది" అన్నాడు. మా అన్న గొంతు వణకడం నేను మా నాన్న పోయిన రోజు విన్నాను, మళ్ళీ ఇప్పుడు విన్నాను.

ఇప్పుడు నేను చెప్పేది కోపం పక్కనపెట్టి చదువు. నిన్న పీట మీద కూర్చుని మజ్జిగ చిలికాను. కూర్చోకముందు పట్టీ మీద వెయ్యిన్నర అంకె చూశాను. వెన్న తీసి లేచేసరికి రెండు వేల ఒక వంద దాటింది. నేను పీట మీద నుంచి అంగుళం కదలలేదు. నమ్మలేక కవ్వం మళ్ళీ పట్టుకున్నాను. చెయ్యి ఆడుతున్నకొద్దీ అంకె పెరుగుతూనే ఉంది. దానికి కాళ్ళు తెలియవు వదినా. చెయ్యి ఊగితే నడక అనుకుంటుంది.

నువ్వు రాట్నం ఏ చేత్తో తిప్పుతావు? పట్టీ ఏ చేతికి ఉంది?

సావిత్రి


గద్వాల,
11-1-2025

సావిత్రికి,

కుడి చేత్తో తిప్పుతాను. పట్టీ కుడి చేతికే ఉంది. ఎడమ చేత్తో దారం పట్టాలి కాబట్టి, పట్టీ అంచుకు నూలు చిక్కుకుంటుందని మొదటి రోజే కుడి చేతికి మార్చాను. దారం తెగకూడదనే చూశాను కానీ ఇంకోటి ఆలోచించలేదు.

నీ ఉత్తరం చదివి, తలుపు వేసుకుని గంటసేపు రాట్నం తిప్పాను. పదిహేను వందల నలభై. కాలు కదపలేదు. మర్నాడు పట్టీ ఎడమకాలి మడమ పైన కట్టి, ఎప్పటిలాగే నా పనులు చేసుకున్నాను. పొద్దుగూకేసరికి పందొమ్మిది వందలు. పద్నాలుగు వేలలో నావి పందొమ్మిది వందలు, సావిత్రీ. మిగతావి రాట్నం నడిచింది.

నీతో నిజం దాచను. నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. పట్టీ మళ్ళీ కుడి చేతికి కట్టుకుంటే ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. నువ్వు చెప్పవని నాకు తెలుసు. హన్మమ్మ ముందు, హోటల్లో మీ అన్న ముందు, ఆ మొదటి స్థానం నాకు ఎంత ముద్దుగా ఉందో చెప్పలేను. పుట్టి బుద్ధెరిగాక వచ్చిన ఒక్క బహుమతి.

అయిదో రోజు మీ అన్న ఒక చీర మడత పెడుతూ, అంచు దగ్గర రెండు పోగులు తప్పిన చోట దారం ముక్క కట్టాడు. ఎందుకు కడతారో నీకు తెలుసు. కొనేవాళ్ళు వస్తే ముందు ఆ తప్పు విప్పి చూపించి, తర్వాతే చీర అందం చూపించడం మీ నాన్న నాటి నుంచి ఈ ఇంటి పద్ధతి. నేను కోడలిగా వచ్చినప్పుడు మామ నాకు నేర్పిన మొదటి పని నేత కాదు, అది. ఆ దారం ముక్క చూస్తే నాకు సిగ్గేసింది.

శుక్రవారం చెప్పాను. నువ్వూ చూశావు, కానీ నీకు సగమే వినపడి ఉంటుంది కాబట్టి మొత్తం రాస్తున్నాను. "అర్చనమ్మా, జర నన్ను మాట్లాడనియ్యి. ఆ పద్నాలుగు వేలు నా కాళ్ళయి కావు, నా కుడిచెయ్యివి. నేను రాట్నం తిప్పుతుంటె మీ పట్టీ నడుస్తుందనుకుంది. అప్పుడు నాకు తెల్వదు. తెలిసినంక దాచుడు మా ఇంట్ల లేదు. ఫస్ట్ నంబరు తీసేయుండ్రి. దాంతోపాటు దొంగతిండి అన్న మాట గూడ తీసేయుండ్రి" అన్నాను.

 అంతలో మన గుంపులోని నిజామాబాదు పెద్దమనిషి గొంతు సవరించుకుని, తాను టీవీ చూస్తూ చెయ్యి ఊపుతున్నానని ఒప్పుకున్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నువ్వు మాత్రం నవ్వలేదు, కొంగు కళ్ళకు అద్దుకున్నావు. నేను చూశాను.

తర్వాత అర్చన నాకొక్కదానికే ఫోన్ చేసింది. "క్షమించండి అమ్మా. అంకెను చూశాను, మిమ్మల్ని అడగలేదు. అసలు మీకేం కావాలి?" అంది. మూడు నెలలకు ఆ ప్రశ్న వచ్చింది. "తగ్గుడు తర్వాత బిడ్డా, నాకు లేసుడు కావాలె" అన్నాను. రోహిణి చేత ఫోన్ పట్టించి గుంట చూపించాను. లోతు ఎంత, అంచు ఎంత గట్టిది, పాదం ఎక్కడ ఆనుతుంది, అన్నీ అడిగింది. ఈ వయసులో కడుపు మాడ్చుకుంటే కొవ్వుకంటే ముందు కండ పోతుందని, కండ పోతే బరువు తగ్గినా లేవలేనని చెప్పింది. రెండో రొట్టె తిరిగి వచ్చింది. గుడ్డు, పప్పు పెరిగాయి. ఎత్తు బల్ల మీద నుంచి పదిసార్లు లేవాలి, రోజుకు మూడు పూటలు. అలవాటైతే కుర్చీ, ఆ తర్వాత చిన్న పీట. పట్టీ కాలికే.

ఈ రోజు ఎత్తు బల్ల మీద నుంచి ఆరుసార్లు లేచాను. ఏడోసారికి మీ అన్న చెయ్యి పట్టుకున్నాను.

నీ మీద కోపం పోయింది. కొంచెం ఉంచుకున్నాను, అవసరానికి.

నీ వదిన,
రామేశ్వరమ్మ


వనపర్తి,
19-2-2025

నా వదినకు,

ఉత్తరం ఆలస్యమైంది. రాద్దామని కూర్చున్నప్పుడల్లా ఒక విషయం అడ్డం వచ్చింది. నువ్వు ఇరవై ఒక్క మంది ముందు చెప్పగలిగావు, నేను ఒక్క నీకు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. నేను గోడకు చెయ్యి ఆనించి త్రాసు ఎక్కేదాన్ని. రెండు కిలోలు నా బదులు గోడ మోసింది. నీకు మేక అని రాసిన రోజు కూడా గోడ మోస్తూనే ఉంది. మొన్న త్రాసును గది మధ్యకు జరిపాను. ఎనభై నాలుగు. అర్చనకు చెబితే, "ఉన్నమాట చెప్పినవాళ్ళలో మీ వదిన గారి తర్వాత మీరు తొమ్మిదో మనిషమ్మా" అంది. నువ్వు మాట్లాడాక ఇంతమంది తమ తమ గోడల సంగతి చెప్పుకున్నారట!

ఇక్కడ మైదానంలో నాతో నడిచే వాళ్ళందరికీ నీ గురించి చెప్పాను. రిటైరైన తహసీల్దారు గారు, "అట్లాంటి మనిషి మీకు ఏమవుతుంది?" అని అడిగారు. "మా వదిన. నేనే అక్షరాలు దిద్దించాను" అన్నాను. బడిలో రెండు వేల మందికి చదువు చెప్పాను, ఏ ఒక్కరి గురించీ అంత గర్వంగా చెప్పుకోలేదు.

అన్న చెప్పాడు, నువ్వు కుర్చీ దాటి పీట దాకా వచ్చావట. పీట మీద నుంచి లేవడం నాకింకా చేతకాదు. ఇప్పుడు దిద్దించడం నీ వంతు.

గోడ వదిలేసిన,
సావిత్రి


గద్వాల,
30-3-2025, ఉగాది

సావిత్రీ,

ఎనభై అయిదు కిలోలు. ఆరున్నర తగ్గాను. ఇరవై రెండు మందిలో నాది పదకొండో స్థానం, అదీ సొంతంగా వచ్చింది.

పొద్దున పచ్చడి చేయకముందే గణేష్ మాసయ్య మేస్త్రీని పిలిపించి గుమ్మం దగ్గర కూర్చోబెట్టాడు. "అమ్మా, నాకు నువ్వు పడొద్దు. గంతే. దిగకున్నా ఏమనను" అన్నాడు. వాడి కళ్ళల్లో భయం చూసి నాకు వాడి మీద ప్రేమే కలిగింది. రోహిణి, హన్మమ్మ, వీధిలో సగం మంది కిటికీ దగ్గర నిలబడ్డారు.

కొంగు బిగించి దిగాను. దిగడం సులువే. కాళ్ళకు మగ్గం తొక్కుడు చెక్కలు తగిలినప్పుడు మాత్రం కాసేపు లేవాలన్న మాటే మరచిపోయాను. తర్వాత లేవబోయాను. సగం దాకా వచ్చి మళ్ళీ కూలబడ్డాను. కిటికీ దగ్గర ఎవరో "అయ్యో" అన్నారు. మీ అన్న పరుగున వచ్చి చెయ్యి చాపాడు. నలభై అయిదేళ్ళ కాపురంలో ఆ చెయ్యి నేను ఎన్నడూ కాదనలేదు. "చెయ్యి తియ్యి" అన్నాను. తీయలేదు. "తియ్యమంటున్న గద" అని గట్టిగా అన్నాను. నీకు వనపర్తిలో వినపడే ఉంటుంది.

అర్చన చెప్పినట్టు పాదాలు వెనక్కి లాక్కున్నాను. రెండు అరచేతులు అంచుల మీద ఆనించాను. ముందుకు వంగాను. మూడు నెలలుగా లేచిన లేవడాలన్నీ మోకాళ్ళల్లోకి వచ్చినట్టయింది. నిలబడ్డాను సావిత్రీ. ఎవరి చెయ్యీ పట్టలేదు. నిలబడి, ఒక కాలు పైన పెట్టి, రెండో కాలు పైన పెట్టి, గుంట అంచు మీద నిటారుగా నిలుచున్నాను. మీ అన్న చాపిన చెయ్యి అట్లాగే గాలిలో ఉంది. దాన్ని నేనే కిందికి దించాను.

గణేష్ గుమ్మం దగ్గరికి పోయి, "మాసయ్యా, పచ్చడి తిని పో. ఇక్కడ పని లేదు" అన్నాడు. 

అందరూ చప్పట్లు కొట్టారు. హన్మమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. పచ్చడి తిందాం రమ్మని రోహిణి పిలుస్తోంది, మీ అన్న పిలుస్తున్నాడు, వంటింట్లోంచి ఇప్పటికి నాలుగుసార్లు పిలుపు వచ్చింది. వస్తానని చెబుతున్నాను, కదలడం లేదు. వాళ్ళు అటు పోగానే నేను మళ్ళీ దిగాను. ఒడిలో నీ ఉత్తరాలు దాచుకున్న అట్ట పెట్టుకుని, కాళ్ళు చెక్కల మీద ఆనించి ఇది రాస్తున్నాను. ఎప్పుడు లేవాలో ఇక నా ఇష్టం.

గుంటలోంచి,
నీ వదిన రామేశ్వరమ్మ